ఆఠీను ఏడు, ఎనిమిది: ఫ్లాపుకి ముందే ఓడిపోవడం ఎలా?

ముందే చెప్పేస్తున్నా, ఇది పేకాట టపా. పేకాటంటే గిట్టనివాళ్ళు ఇక్కడితో ఆపేసి ఇంకో టపా చూసుకోవచ్చు, నేనేమీ అనుకోను :-) మిగతావాళ్ళకి ఒక మనవి. ఇది ఎలా గెలవాలో చెప్పే టపా కాదు. ఒక చిన్న తప్పుని రెండేళ్ళపాటు "లెక్క" అనే ముసుగేసి ఎలా చేసుకుంటూ వచ్చానో చెప్పే టపా.

మేముండేది న్యూజెర్సీలో. నెలకో శుక్రవారం ఎవరో ఒకరి బేస్‌మెంట్లో నో-లిమిట్ హోల్డెమ్ ఆడతాం. ఏడాదికి రెండు మూడుసార్లు కారేసుకుని అట్లాంటిక్ సిటీ పోతాం. అలా వెళ్ళిన ఒక రాత్రి, 1-2 డాలర్ల టేబుల్, నా ముందు 300 డాలర్లు. నేను స్మాల్ బ్లైండులో ఉన్నా. మధ్యలో ఒకాయన 12కి పెంచాడు, ఇంకొకాయన కాల్ చేశాడు. నా చేతిలో ఆఠీను 7, ఆఠీను 8. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఆల్రెడీ 1 డాలరు లోపలుంది, ఇంకో 11 వేసేశా.

ఫ్లాపులో ఆఠీను రాజు, ఆఠీను 4, కళావరు 2. పెంచినాయన 25 కట్టాడు, రెండో ఆయన పడేశాడు, నేను కాల్. నాలుగో ముక్క ఆఠీను 3. ఫ్లష్ వచ్చేసింది! నేను చెక్ అన్నా, ఆయన 60 కట్టాడు, నేను మొత్తం నెట్టేశా. ఆయన ఆలోచించకుండా కాల్ చేసి ఆఠీను ఆసు, ఆఠీను జాకీ తిప్పాడు. ఆయనదీ ఫ్లషే, కాకపోతే పెద్దది. నా 300 గోవిందా.

తిరిగొచ్చేటప్పుడు పార్క్‌వే మీద కారులో నా ఏడుపు మొదలు. "ఫ్లష్ మీద ఫ్లష్ అన్నగారూ, ఇంతకంటే దరిద్రం ఉంటుందా?" అన్నా. పక్కన కూర్చున్న పెద్దాయన గుంటూరువారు, మేమందరం అన్నగారూ అనే పిలుస్తాం. ఆయన నిద్రమత్తులోనే, "నువ్వు పోగొట్టుకుంది ఆ 300 కాదు తమ్ముడూ, 11. అట్లాంటి పదకొండ్లు ఎన్ని పోయినయ్యో ఎప్పుడన్నా రాసుకున్నావా?" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు ఈ టపా రాస్తున్నా.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో (అన్నట్టు చేతికొచ్చేవి కూడా రెండు ముక్కలే). బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తిప్పుతారు. ముందు మూడు కలిపి, అది ఫ్లాప్. తరవాత ఒకటి, అది టర్న్. చివరికి ఇంకోటి, రివర్. ప్రతి మజిలీ దగ్గరా డబ్బులు కట్టాలి, లేదా పడేసి కూర్చోవాలి. నో-లిమిట్ అంటే నీ ముందున్నదంతా ఎప్పుడైనా నెట్టొచ్చు. ఒకే రంగులో పక్కపక్క అంకెలు చేతికొస్తే వాటిని సూటెడ్ కనెక్టర్లంటారు. 5-6, 7-8, 9-10 ఇలాగన్నమాట. వాటిని ఫ్లాపుకి ముందు ఏం చెయ్యాలన్నదే ఇక్కడ గొడవ.

నా అభిప్రాయం ముందే పెట్టేస్తా. 7-8 ఆఠీను అనేది మంచి చెయ్యీ కాదు, చెడ్డ చెయ్యీ కాదు. అసలది చెయ్యే కాదు, ఒక సందర్భం. సందర్భం బాగుంటే దాంతో రైజ్ చెయ్యాలి, బాగోకపోతే పడెయ్యాలి. మనలో చాలామంది చేసేది మాత్రం ఈ రెండూ కాదు. "చూద్దాం, ఏం పోయింది?" అని కాల్ చేస్తాం.

ఇదెక్కణ్ణుంచి వచ్చిందో కూడా నాకొక అనుమానముంది. రమ్మీ నుంచి! మనవాళ్ళలో చాలామంది పోకర్ కంటే ముందు రమ్మీ నేర్చుకున్నవాళ్ళు. పెళ్ళిళ్ళలో, సంక్రాంతికి, హాస్టల్ మంచాల మీద నేర్చుకున్నాం. పదమూడు ముక్కల ఆటలో చేతికి ఆఠీను 7, 8 వచ్చాయంటే అవి సగం కట్టిన సీక్వెన్స్. 6 వచ్చినా 9 వచ్చినా లైఫ్ పడుతుంది. పైగా నీ వంతు వచ్చినప్పుడల్లా కొత్త ముక్క తీసుకోవడం ఉచితం. ఆ రెంటినీ పారేసేవాణ్ణి పక్కవాళ్ళు పిచ్చోడంటారు. అలా చిన్నప్పట్నుంచీ మన కళ్ళకి ఆ జత అందంగా కనపడ్డం అలవాటైపోయింది.

పోకర్లో అదే జత అందంగానే ఉంటుంది కానీ లెక్క వేరు. ఒకటి, ఇక్కడ ముక్క ఉచితం కాదు. రెండు, ఇక్కడ రంగూ వరసా కలిసి రావక్కర్లేదు, అవి వేరు వేరు దారులు. అది బానే ఉంది. కానీ రంగు దారిలో నువ్వు కట్టేది 8 పెద్ద ముక్కగా ఉన్న ఫ్లష్, అంటే పేదవాడి ఫ్లష్. మూడు, రమ్మీలో మనకి బాగా తెలిసిన ఒక నీతిని ఇక్కడ మర్చిపోతాం. పూల్ రమ్మీలో మొదట్లోనే డ్రాప్ కొడితే 20, మధ్యలో కొడితే 40, చివరిదాకా ఈడ్చి ఓడిపోతే 80 దాకా. చెత్త చెయ్యి వస్తే మొదటి డ్రాపే మేలని మా నాన్నకి తెలుసు, మా బాబాయికి తెలుసు, నాకూ తెలుసు. ఫ్లాపుకి ముందు ఫోల్డ్ చెయ్యడమంటే ఆ మొదటి డ్రాపే. మనం మాత్రం మిడిల్ డ్రాపుల మీద బతుకుతున్నాం.

సరే, లెక్కలోకొద్దాం. ఇంజినీర్లం కదా.

7-8 ఒకే రంగువి పట్టుకుని ఫ్లాప్ చూస్తే, మూడు ముక్కలతోనే ఫ్లష్ పూర్తయ్యే అవకాశం 0.84 శాతం. అంటే సుమారు 119 సార్లకి ఒకసారి. స్ట్రెయిట్ పూర్తయ్యేది 1.3 శాతం. మన రెండు ముక్కలకీ జతలు దొరికి టూ పెయిర్ అయ్యేది 2 శాతం. ఒకదానికి రెండు కలిసి ట్రిప్స్ అయ్యేది 1.35 శాతం. ఫుల్ హౌస్ లాంటివి కలిపినా మొత్తం 5.6 శాతం చుట్టూ తిరుగుతుంది. అంటే 18 సార్లకి ఒకసారి.

ఇప్పుడు నా 11 డాలర్లు చూడండి. తగిలినప్పుడే ఆడి మిగతాసార్లు పడేస్తాననుకుంటే, 17 సార్లు 11 చొప్పున 187 డాలర్లు పోతాయి. పద్దెనిమిదోసారి తగిలింది. బల్ల మీద మిగతావాళ్ళవి 26 డాలర్లున్నాయి. కాబట్టి అసలు రాబట్టడానికే అవతలివాడు ఇంకో 160 దాకా నా చేతిలో పెట్టాలి. తగిలిన ప్రతిసారీ పెట్టాలి, సగటున! అవతలివాడి దగ్గర రాజు జత కూడా లేకపోతే ఎందుకు పెడతాడు? వాడి ముందు 80 డాలర్లే ఉంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు? పైగా ఆ 5.6 శాతంలో ఉన్నవన్నీ గెలుస్తాయని కూడా లేదు, నాకు జరిగింది చూశారుగా.

"అబ్బే, డ్రాలు మర్చిపోయావ్" అంటారు. మర్చిపోలేదు. రెండు ఆఠీన్లు ఫ్లాపులో పడి ఇంకొక్కటి కావాల్సిన పరిస్థితి సుమారు 11 శాతం. రెండు వైపులా తెరుచుకున్న స్ట్రెయిట్ డ్రా ఇంచుమించు 10 శాతం. అన్నీ కలిపితే సుమారు నాలుగు ఫ్లాపులకి ఒకటి "ఏదో ఉంది" అనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. ఫ్లష్ డ్రా చివరికి 35 శాతం పూర్తవుతుందని అందరం బట్టీపట్టాం. కానీ ఆ 35 రెండు ముక్కలకి కలిపి. రాబోయే ఒక్క ముక్కకైతే 47లో 9, అంటే 19 శాతం. ఆ రెండు ముక్కలకీ రెండుసార్లు విడివిడిగా డబ్బు కట్టిస్తారు. అవతలివాడు పాట్ అంత కట్టాడనుకోండి, నీకొచ్చే ధర ఒకటికి రెండు. నీకు కావాల్సింది ఒకటికి నాలుగు పైచిలుకు. మిగతా తేడా అంతా "తగిలితే తరవాత ఇస్తాడులే" అన్న ఆశ మీదే నడవాలి. దానికో గొప్ప పేరు కూడా ఉంది, ఇంప్లైడ్ ఆడ్స్. పేరు పెట్టగానే ఆశ కాస్తా లెక్క అయిపోయింది :-)

మన ఫీల్డువాళ్ళకి ఇంకోలా చెప్తా. సూటెడ్ కనెక్టర్లు స్టార్టప్ కంపెనీవాళ్ళిచ్చే స్టాక్ ఆప్షన్ల లాంటివి. పనికిరావని కాదు. ఎంత కట్టాలి, ఎంత పెరిగే వీలుంది, పెరిగితే అమ్ముకునే దారి ఉందా అన్నవి చూసుకుంటే కొన్నిసార్లు మహా బాగుంటాయి. ఆప్షన్ అన్న మాట విని జీతం తగ్గించుకునేవాడు ఎలాంటివాడో, 7-8 చూసి బ్లైండులోంచి కాల్ చేసేవాడూ అలాంటివాడే.

మరి సందర్భం అంటే ఏంటి? నా మట్టుకు మూడు.

మొదటిది, కూర్చున్న చోటు. డీలర్ బటన్ మీద ఉన్నవాడు ఫ్లాప్, టర్న్, రివర్ మూడిట్లోనూ అందరికంటే చివర మాట్లాడతాడు. స్మాల్ బ్లైండువాడు మూడిట్లోనూ అందరికంటే ముందు మాట్లాడాలి. డ్రా పట్టుకున్నవాడికి ఇది చావుబతుకుల తేడా. చివర ఉన్నవాడు అవతలివాడు చెక్ అంటే తనూ చెక్ అని ముక్క ఉచితంగా చూడగలడు. తగిలినప్పుడు పాట్‌ని తనే పెంచగలడు. ముందున్నవాడు చీకట్లో తడుముకోవాలి. నేను కాల్ చేసింది ఎక్కణ్ణుంచి? స్మాల్ బ్లైండ్ నుంచి!

రెండోది, స్టాకు లోతు. ఇందులో తక్కువ ఉన్నవాడి స్టాకే లెక్క, నీ ముందు వెయ్యి ఉన్నా సరే. పాతకాలం బండ లెక్క ఒకటుంది. కట్టాల్సింది స్టాకులో 5 శాతం లోపుంటే చూడొచ్చు, 10 దాటితే వదిలెయ్యాలి, మధ్యలో ఉంటే ఆలోచించుకోవాలి. నా 11 డాలర్లు 300లో 4 శాతం కూడా లేదు. అంటే ఈ సూత్రం ప్రకారం నేను కరెక్టే! రెండేళ్ళు దీని వెనకే దాక్కున్నా. కానీ ఈ సూత్రానికి నేనెక్కడ కూర్చున్నానో తెలీదు, అవతలివాడు ఎంత పిసినారో తెలీదు. రెండు కాలాలు వదిలేసి మూడో కాలం చూసుకుని కుర్చీలో కూర్చున్నట్టన్నమాట.

మూడోది, పగ్గం ఎవరి చేతిలో ఉంది. ఇదే అన్నిటికంటే పెద్దది, ఇదే ఎవరూ పట్టించుకోరు. ఆ రాత్రి పాట్ 38 ఉన్నప్పుడు ఆయన 25 కట్టాడు. మిగతావాళ్ళు 40 శాతం సార్లు పడేస్తే చాలు, ఆయన చేతిలో చిత్తుకాగితాలున్నా ఆ 25కి నష్టం లేదు. ఇక చేతిలో డ్రా కూడా ఉందనుకోండి, పడేస్తే ఇప్పుడే గెలుపు, పడెయ్యకపోతే ముక్క వచ్చే అవకాశం ఎటూ ఉంది. గెలవడానికి రెండు దారులు. కాల్ చేసేవాడికి ఒక్కటే దారి, ముక్క రావడం. అందుకే సూటెడ్ కనెక్టర్లు రైజ్ చేసేవాడి చేతిలో ఆయుధం, కాల్ చేసేవాడి చేతిలో లాటరీ టికెట్టు.

ఇప్పుడు ఎదురువాదన. "డాయిల్ బ్రన్సన్ అంతటివాడు చిన్న కనెక్టర్లంటే ప్రాణం పెట్టేవాడు కదా?" నిజమే. 1970ల చివర్లో వచ్చిన సూపర్ సిస్టమ్‌లో నో-లిమిట్ అధ్యాయం ఆయనే రాశాడు, ఈ చేతుల మీద తన ప్రేమ దాచుకోలేదు. కానీ ఆయన వాటితో ఏం చేసేవాడో చదవండి. పెంచేవాడు, కట్టేవాడు, మళ్ళీ కట్టేవాడు. చిన్న చిన్న పాట్లు అందరూ భయపడి వదిలేస్తే ఏరుకునేవాడు. ఆ ఏరుకున్న డబ్బుతోనే పెద్ద పాట్లలో డ్రాల మీద జూదమాడేవాడు. ఆయన పుస్తకంలోంచి మనం 7-8ని తీసుకున్నాం, ఆ దూకుడుని అక్కడే వదిలేశాం. పైగా మా బేస్‌మెంట్లో ఎవ్వడూ భయపడడు, ఇరవై డాలర్లకి భయమేంటి?

ఇంకొకటి టీవీ. 2003 వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్లో 839 మంది ఆడితే క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. చివరి చేతిలో ఆయన దగ్గరున్నవి 4, 5. రంగు కూడా కలవలేదు! ఫ్లాపులో టూ పెయిర్, రివర్లో ఫుల్ హౌస్. ఆ ఒక్క చెయ్యి ప్రపంచమంతా ఎంతమందిని చెడగొట్టిందో :-) అక్కడ ఆడేది ఇద్దరే అని, ఇద్దరే ఉన్నప్పుడు దాదాపు ఏ చెయ్యైనా ఆడొచ్చని ఎవరికీ గుర్తులేదు. ఆ 4-5 ఫ్లాపుకి ముందే చెత్తబుట్టలో పడ్డ లక్షల చేతుల్ని టీవీ చూపించదు కదా.

మూడోది ఈ కాలం వాదన, సాల్వర్లు. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ వాళ్ళ లిబ్రాటస్ పిట్స్‌బర్గ్‌లో నలుగురు ప్రొఫెషనల్స్ మీద 1,20,000 చేతులాడి గెలిచింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి ఆటలోనూ గెలిచింది. ఇప్పుడు ఫ్లాపుకి ముందు ఏ చెయ్యి ఏం చెయ్యాలో చార్టులు వచ్చేశాయి. వాటిలో సూటెడ్ కనెక్టర్లకి చోటుంది, కాదన్ను. ఎందుకంటే నువ్వు పెంచేవన్నీ ఆసులూ రాజులే అయితే ఫ్లాపులో 5-6-7 పడగానే నీ దగ్గర ఏమీ లేదని అందరికీ తెలిసిపోతుంది. అప్పుడప్పుడూ 7-8 కూడా ఉండాలి. కానీ చార్టు మొత్తం చూడండి. బటన్ మీద ఇవన్నీ రైజులే. ముందు సీట్లలో చిన్న కనెక్టర్లు చాలావరకు ఫోల్డ్. స్మాల్ బ్లైండులో ఎక్కువగా రీరైజో, ఫోల్డో. ఊరికే కాల్ చేసేది తక్కువ. బిగ్ బ్లైండులో మాత్రం కాల్ ఎక్కువ, ఎందుకంటే అక్కడ సగం డబ్బు ఎప్పుడో కట్టేశాం, మన తరవాత పెంచేవాడు లేడు. ఇక బ్లైండ్ అంత మాత్రమే కట్టి మెల్లగా లోపలికి జారుకోవడం ఉంది చూశారూ, దాన్ని లింప్ అంటారు, స్మాల్ బ్లైండులో తప్ప ఇంకెక్కడా అది లాభం కాదని ప్లూరిబస్ కూడా తేల్చింది. కాసినో వాళ్ళు ప్రతి పాట్లోంచి కోసుకునే రేక్ కూడా కాల్ చేసేవాడికే ఎక్కువ తగులుతుంది. ఫ్లాప్ పడకుండానే అందరూ పడేస్తే చాలాచోట్ల రేక్ తియ్యరు.

"ఆసుల జత మీద కూడా 7-8కి 23 శాతం గెలుపుంది" అని కూడా అంటారు. ఉంది. ఐదు ముక్కలూ పైసా అదనంగా కట్టకుండా చూడగలిగితే! అలా ఎవరూ చూపించరు.

సరే, ఇక అసలు సంగతి. ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడకి ఈ ఫిలాసఫీ అంతా చెప్పా. మా ఆవిడ టెస్టర్. "లెక్క ప్రకారమే ఆడతానంటావు కదా, మరి లెక్క రాసుకోవచ్చుగా?" అంది. టెస్టర్‌ని పెళ్ళి చేసుకుంటే ఇంతే. సరేనని ఒక షీటు మొదలెట్టా. సూటెడ్ కనెక్టర్లు వచ్చినప్పుడల్లా సీటు, కట్టినది, వచ్చింది/పోయింది. ఆవిడే ఇంకో కాలమ్ చేర్చింది: "ఎందుకు ఆడావు?"

ఏడాది రాశా. లాభనష్టాల కాలమ్ గురించి ఏమీ చెప్పను, ఎందుకంటే నెలకో ఆటలో వచ్చే కాసిన్ని చేతులతో ఏదీ రుజువు కాదు, అదృష్టం ఎటు ఊపితే అటు ఊగుతుంది. కానీ ఆ చివరి కాలమ్ చదువుకుంటే సిగ్గేసింది. "చాలాసేపట్నుంచి ఫోల్డ్ చేస్తున్నా." "ఇందాక పోయింది రాబట్టాలి." "అందరూ ఆడుతున్నారు." "చూడ్డానికి బాగున్నాయి." పాట్ ఆడ్స్ అని నిజాయితీగా రాసుకున్నవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అంటే నేను ఆడింది లెక్కతో కాదు, విసుగుతో. లెక్క తరవాత అతికించుకున్న లేబులు. కోడ్ రాసేసి తరవాత డిజైన్ డాక్యుమెంటు రాస్తామే, అలాగ.

నాకు భయమేసింది అక్కడే. ఆ 300 పోతే బాధపడ్డాను, నాలుగు రోజుల్లో మర్చిపోయాను. కానీ తెలివైనవాణ్ణి అనే నమ్మకంతో చేసే చిన్న తప్పు ఎప్పటికీ నొప్పి పుట్టదు. 11 డాలర్లకి ఎవరేడుస్తారు? నొప్పి లేదు కాబట్టి సరిదిద్దుకోం. మూడుముక్కలాటలో పోగొట్టుకున్నవాడు కనీసం తను జూదమాడానని ఒప్పుకుంటాడు. చేతిలో కాస్త గణితం ఉన్నవాడు మాత్రం ఒప్పుకోడు. మన ఫీల్డువాళ్ళకి ఈ జబ్బు ఎక్కువని నా అనుమానం. షేర్లలో, క్రిప్టోలో, కొనకూడని ప్లాట్లలో కూడా ఇదే చూశా.

ఇప్పుడు నేను చేసేదేంటంటే: బటన్ మీదో దాని పక్క సీట్లోనో ఉండి, నాకంటే ముందు ఎవరూ రాకపోతే 7-8తో రైజ్ చేస్తా. ముందు సీట్లో ఉంటే పడేస్తా. స్మాల్ బ్లైండులో ఎవరైనా పెంచితే, వాడు పడేసే రకమైతే అప్పుడప్పుడూ మళ్ళీ పెంచుతా, లేకపోతే పడేస్తా. అక్కణ్ణుంచి కాల్ మాత్రం చెయ్యను. బిగ్ బ్లైండులో రైజు చిన్నదై, ఇద్దరి స్టాకులూ లోతుగా ఉంటే చూస్తా. 40 బ్లైండ్ల స్టాకువాడి మీద డ్రాల కోసం కాల్ చెయ్యను. ఇక చేతిలో పేద ఫ్లష్ ఉండి అవతలివాడు టర్నులో గట్టిగా కడితే వెంటనే ఎగిరి గంతెయ్యను. నా 8 ఫ్లష్‌కి ఎదురుగా ఊరికే ఏ రెండు ముక్కలో ఉన్నవాడి దగ్గర ఇంకో ఫ్లష్ ఉండే అవకాశం 3 శాతం కూడా లేదు, నిజమే. కానీ 263 డాలర్లకి ఆలోచించకుండా కాల్ చేసేవాడి దగ్గర ఏ రెండు ముక్కలో ఉండవు కదా.

ఆట ఇప్పుడు కొంచెం బోరుగా ఉంది, అబద్ధమెందుకు. గంటసేపు పడేస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అన్నగారికి ఈ షీటు చూపిస్తే నవ్వి, "విసుగుకి ధర కట్టటం నేర్చుకున్నావు, మంచిదే. ఇంక టీ పెట్టించు" అన్నాడు.

విసుగు తీర్చుకోడానికి 11 డాలర్లు కట్టడం తప్పని నేననను. సినిమాకీ అంతే అవుతుంది. కాకపోతే దాన్ని సినిమా ఖర్చు కింద రాసుకోవాలి, పెట్టుబడి కింద కాదు. మీ షీట్లో ఆ చివరి కాలమ్ పెడితే ఏముంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఏమంటారు?

తా.క.: ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక గమనిక. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం చేసిన చట్టం దేశమంతటికీ అదే చెప్పింది. కాబట్టి ఈ టపా చదివి యాప్‌ల కోసం వెతకొద్దు. చింతగింజలు పెట్టుకుని ఆడినా ఆ చివరి కాలమ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది :-)